చావులు లేని శనివారం

ఏప్రిల్ 19, శుక్రవారం

కుడిచెవి పోయిన సంగతి నాకు ముందే తెలుసు. ఎడమది కూడా అదే దారి పట్టిందని ఇవాళ డాక్టరమ్మ చెప్పింది. ఎన్నాళ్ళు అని అడిగాను. వారాలు కావచ్చు, నెలలు కావచ్చు అంది. మిషన్ పెట్టుకుంటేనో అన్నాను. నరమే చచ్చిపోతోంది పెద్దాయనా, మిషన్ ఏం చేస్తుంది అంది. మంచి పిల్ల. అబద్ధం చెప్పలేదు. చెప్పినా బాగుండేది.

ఏప్రిల్ 20, శనివారం

లేవగానే ఒకటే ఆలోచన. రాజధాని అక్రా వెళ్ళాలి. రెండు రోజులు చాలు. నా పాత స్నేహితుడు ఒదార్తే ట్రంపెట్ వినాలి.

డెబ్బై నాలుగులో వాళ్ళ బ్యాండు మా ఊరు కుమాసి వచ్చినప్పుడు వ్యానుకి రంగులు వేసింది నేనే. లారీల మీద పేర్లు రాయడం నా పని. ఒకడు తన లారీ ముందు 'ఓర్పు' అని రాయించుకుని, రంగు ఆరేదాకా ఆగలేక తోలుకుపోయాడు. సాయంత్రానికి ఓర్పు నిండా ఎర్రదుమ్ము. సరే, అది కాదు చెప్పదలుచుకుంది. నా పెళ్ళికి ఒదార్తే ఒక పాట కట్టాడు. మాటలు లేవు. మీ అబెనా నడక చూసి కట్టానురా అన్నాడు. రికార్డింగు రోజున కరెంటు పోయింది, ఆ తర్వాత బ్యాండే పోయింది. అబెనా పోయి పదకొండేళ్ళు. ఆ పాట ఇప్పుడు ఒదార్తే పెదాల మీద తప్ప ఇంకెక్కడా లేదు.

మా మేనకోడలు బిరాగో, ఫోన్లో వాయించి పంపమనొచ్చుగా మామయ్యా అంది. ఫోన్లో ఏ గొంతయినా నాకు రేకుడబ్బాలో గులకరాళ్ళే.

ఏప్రిల్ 22, సోమవారం

మా ఊళ్ళో ఖాళీ వీకెండ్ దొరకడం మాటలు కాదు. శనివారం వస్తే ఎవరిదో ఒకరి చావుకార్యం. ఈ శనివారం మా పెయింటర్ల సంఘం పాత ప్రెసిడెంటుది. వెళ్ళకపోతే రేపు నా చావుకి ఎవరూ రారు. నాలుగో తారీకు బిరాగో అత్తగారి సంవత్సరీకం. పదకొండున అక్రాలోనే మా వదిన తమ్ముడిది ఉండాలి, దాన్ని జూన్‌కి జరిపారట. నా అదృష్టం అనుకున్నాను.

కాలెండర్లో పదకొండు చుట్టూ ఎర్రపెన్సిల్‌తో సున్నా చుట్టాను. ఎవరూ చావలేదని ఇంత సంబరపడే మనిషిని నిన్నే చూశాను మామయ్యా అంది బిరాగో.

ఏప్రిల్ 25

కోడి నోరు తెరవడం చూశాను. అంతే.

ఏప్రిల్ 27, శనివారం

ప్రెసిడెంటు చావుకార్యంలో మనిషెత్తు స్పీకర్లు పెట్టారు. పక్కనే కుర్చీ వేసుకుని మూడుగంటలు కదలకుండా కూర్చున్నాను. డప్పు ఛాతీకి తగిలింది. చెవిలోకి కూడా కొంచెం వచ్చింది. నా కళ్ళలో నీళ్ళు చూసి, పాపం ఇద్దరికీ అంత స్నేహమా అని ఆయన పెళ్ళాం నా చెయ్యి పట్టుకుంది. ఆయనంటే నాకు ఎప్పుడూ పడదు.

ఏప్రిల్ 30

బస్సు టికెట్ తెచ్చింది బిరాగో. కిటికీ పక్క సీటు, ఎడమచెవి మనిషి వైపు ఉండేలా. ఒదార్తేకి మెసేజ్ పెట్టించాను, పదకొండున వస్తున్నానని. రారా ముసలి పీనుగా, చేపలు వేయిస్తాను, ఈలోగా చావకు అని జవాబు. చెవుల సంగతి చెప్పలేదు. పాట సంగతీ చెప్పలేదు. అలాంటివి ఎదురుగా కూర్చుని అడగాలి.

తెల్లచొక్కా ఇస్త్రీ చేయించాను. పాతికేళ్ళ తర్వాత ఎరుపూ నలుపూ చావుబట్టలు కాకుండా వేరే బట్టలతో ఊరు వెళ్తున్నాను.

మే 6, సోమవారం

పేపర్లో చదివాను. అక్రాలో ఇవాళ్టి నుంచి నిషేధం. అక్కడి 'గా' తెగ జనం మొక్కజొన్న చల్లి, మొలకెత్తే వేళ దేవతలకి నిశ్శబ్దం కావాలని నెల్లాళ్ళు చప్పుడు ఆపేస్తారు. డప్పు లేదు, ట్రంపెట్ లేదు, చర్చిలో మైకు లేదు. ప్రతి ఏడూ జరిగేదే. నాకు తెలియనిదా? మేం అసాంతే వాళ్ళం, మా చావులు లెక్కపెట్టుకోవడంతోనే సరిపోతుంది, వాళ్ళ మొక్కజొన్న ఎవరికి గుర్తుంటుంది.

వదిన తమ్ముడి కార్యం జూన్‌కి ఎందుకు జరిపారో ఒక్కమాట అడిగి ఉంటే! డప్పు లేకుండా సాగనంపలేక జరిపారు.

నేను బడికి పోలేదు. లారీల వెనక అక్షరాలు చూసి చదువు నేర్చుకున్నాను. జీవితంలో మొదటిసారి, చదువు రాకపోతే బాగుండేదనిపించింది.

మే 7

నిషేధం ఎత్తేశాక జూన్‌లో వెళ్ళు మామయ్యా, టికెట్ మారుస్తారు అంది బిరాగో. సరే, నా వెనక నిలబడి పిలువు, చూద్దాం అన్నాను. గోడవైపు తిరిగి నిలబడ్డాను. చాలాసేపయ్యాక, పిలవవేమే అని వెనక్కి తిరిగాను. ఏడుస్తోంది. నాలుగుసార్లు పిలిచిందట.

జూన్ నాది కాదు.

మే 9

వెళ్తున్నాను.

మే 11, శనివారం, సాయంత్రం నాలుగు

ఒదార్తే ఇల్లు. వీధంతా మూగగా ఉంది. నిషేధం ఎంతో, నేనెంతో తెలియడం లేదు.

చేపలు తిన్నాక అంతా చెప్పేశాను. ఎడమచెవిలో నోరుపెట్టి తిట్టాడు. ఒరే గాడిదా, పదిరోజుల ముందు ఏడ్చి ఉంటే నేనే కుమాసి వచ్చి మీ వాకిట్లో ఊదేవాణ్ణి కదరా అన్నాడు. నిజమే. నాకెందుకు తట్టలేదు? వీకెండ్, అక్రా, కిటికీ పక్క సీటు! నిషేధం మొదలవక ముందు వాడే బస్సెక్కి ఉంటే అయిపోయేది.

వద్దులే, నిన్ను చూశాను చాలు అన్నాను. వాళ్ళ మేనమామ ఆ దేవతల పూజారి. దొరికితే ట్రంపెట్ లాక్కుంటారు, అది పోతే పోయింది, ఈ వీధిలో మళ్ళీ తలెత్తుకోగలనా అన్నాడు. కాసేపటికి లేచి వచ్చి మళ్ళీ చెవిలో నోరు పెట్టాడు. రేపు పొద్దున సముద్రం దగ్గరికి పోదాం, అలల హోరులో ఎవడికీ వినబడదు, గొట్టంలో గుడ్డ కుక్కుతాను, ఇంట్లో మా చెల్లెలికి మాత్రం చెప్పకు అన్నాడు.

డెబ్బై ఏడేళ్ళలో వాడు ఈ కట్టు తప్పింది లేదు. వద్దురా అని రెండోసారి అనాలి. అనలేదు. అది కూడా రాసి పెట్టుకుంటున్నాను.

మే 12, ఆదివారం

నా ఎడమచెవికి జానెడు దూరంలో నిలబడి ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి. మెడనరాలు తేలాయి. వెనక అలలు లేచి విరిగాయి, అవి కూడా చప్పుడు చెయ్యలేదు. పాట ఎంత పొడుగో నాకు తెలుసు. అంతసేపూ తల ఊపాను.

ట్రంపెట్ దించి నా మొహంలోకి చూశాడు.

బాగుంది అన్నాను. అన్నాననే అనుకుంటున్నాను.