గోలు ముందు గుంట

జనవరి 14, ఉదయం 6:40

మళ్ళీ నా ఐస్ తవ్వాడు. ఉత్తరం వైపు గోలు ముందు, అదే చోట, వేలు దిగేంత గుంట. పోయిన వారం జూనియర్ల ఐస్ హాకీ ఆటలో ఒక పిల్ల స్కేటు అందులో ఇరుక్కుని గడ్డం పగిలింది. తిట్లు నాకు. ఇంకొక్క గుంట కనబడిందా, ఐస్ చదును చేసే బండి తాళాలు నా టేబుల్ మీద పెట్టి ఇంటికి పో అంది మేనేజర్ వెర్నా.

ఈ రింకులో ఐస్ నేను పరిచింది. ఎవరూ నేర్పలేదు. పొర మీద పొర నీళ్ళు చల్లి, చెడగొట్టి, మళ్ళీ చల్లి నేర్చుకున్నాను. తవ్వేది గార్నెట్ లిసాక్. పదిహేడో నంబరు ఫార్వర్డ్. పెద్ద లీగులో ఆడి రిటైరయ్యాడు. ఊరి మొదట్లో బోర్డు మీద ఊరి పేరు కంటే వాడి పేరు పెద్దది. అందుకే రింకు తాళంచెవి ఒకటి వాడి జేబులో ఉంటుంది. ఊరికి హీరో. నాకు ఐస్ తవ్వే ఒక మడమ.

జనవరి 15

తవ్వాడు.

జనవరి 17, ఉదయం 5:30

ఐస్ బండి వెనక దాక్కుని చూశాను. వాడు స్కేటింగ్ చేయడు! నేరుగా గోలు ముందుకి వెళ్ళి, గోలుకి వీపు పెట్టి, మోకాళ్ళు వంచి, స్టిక్ కింద పెట్టి నిలబడతాడు. స్కేట్ల అంచులు ఐస్‌లోకి దించుతాడు. ఎవరో వెనక నుంచి తోస్తున్నట్టు ఊగుతాడు, పడకుండా నిలదొక్కుకుంటాడు. కొట్టే రబ్బరు బిళ్ళ, పక్, లేదు. ఎదురుగా మనిషి లేడు. అరగంట ఇదే.

పోయి తిట్టాల్సింది. తిట్టలేదు. ఎందుకో తెలియాలి ముందు.

జనవరి 18

డోనట్ షాపులో ముసలి రైతుల టేబుల్ దగ్గర కూర్చుని అడిగాను. అడగటమే ఆలస్యం.

వాడి ఆఫీసు అదే కదే పిల్లా అన్నాడు ఒకాయన. మిగతావాళ్ళు రింకంతా తిరిగేవాళ్ళట, ఇతను గోలు ముందు గుంజలా పాతుకునేవాడట. దూరం నుంచి కొట్టిన పక్‌కి స్టిక్ తగిలించి దారి మళ్ళించడమే పని. అవతలి జట్టువాళ్ళు ఆ వీపు మీద స్టిక్కులతో పొడుస్తూనే ఉండేవాళ్ళట, ప్రతి సీజనూ. ఇప్పుడు మెడ ఎముకల్లో స్క్రూలు. పక్కకి చూడాలంటే ఫ్రిజ్‌ని జరిపినట్టు మొత్తం జరగాలి, అందుకే ఇక్కడ వాడి వెనక కూర్చుని వాడి మీద జోకులేస్తాం అని ఇంకొకాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత కాఫీ రుచించలేదు.

జనవరి 20

ఎదురుగా వెళ్ళి అడిగేశాను. లిసాక్ గారూ, మీ హీరోగిరీకి నా ఉద్యోగం పోయేలా ఉంది, ఇక్కడ మిమ్మల్ని తోసేవాడెవడు, ఈ తవ్వడమేమిటి?

అంచు దించకపోతే పడిపోతానమ్మాయ్ అన్నాడు. అంతే. సిగ్గుపడ్డాడు కూడా.

ఎన్ని గోల్స్ కొట్టారు అన్నాను. కొట్టినవి చాలానే, చూసినది ఒక్కటీ లేదు అన్నాడు. ఎప్పుడూ వీపు గోలు వైపే కదా. వెనక్కి తిరిగేసరికి అయిపోయి ఉండేది. సొంత రింకులో జనం అరిస్తే గోల్ పడినట్టట. బయటి ఊళ్ళో జనం నోరు మూసుకుంటే పడినట్టట. మరి టీవీలో చూసుకోలేదా అంటే, అందులో కనబడేది వేరే ఎవడో అమ్మాయ్, నేను నిలబడిన చోటు నుంచి చూడాలి అన్నాడు.

గుంట నేనే పూడ్చాను. ఐస్ తురుము కూరి, నీళ్ళు పోసి. తిట్టుకుంటూనే.

జనవరి 22

ఇవాళ నేను పక్‌లు కొట్టాను. మా గ్యారేజీ తలుపు సొట్టలు పడేలా కొట్టి నేర్చుకున్న షాట్లు, ఆయన మెచ్చుకోలేదు. కానీ ఒక్కటీ వదల్లేదు. తగిలిన ప్రతిసారీ నా మొహంలోకి చూసి, పడిందా?

రింకులో మేమిద్దరమే. అరిచే జనం లేరు, నోరు మూసుకునే జనమూ లేరు.

ఏడోసారి విసుగొచ్చి మీరే చూసుకోండి అనేశాను. తిరిగాడు. ఫ్రిజ్‌లాగే. పక్ అప్పటికే వల అడుగున పడుకుని ఉంది.

జనవరి 23

ఆడవాళ్ళ డ్రెస్సింగ్ రూములో నిలువుటద్దం ఊడదీశాను. కుర్చీకి ఆనించి ఆయన ముందు, కొంచెం పక్కగా పెట్టాను. గోలు మొత్తం అందులో కనబడుతోంది. ఆయన చేతి తొడుగు తీసి అద్దం మీది మరకొకటి తుడిచాడు.

కొట్టాను. స్టిక్‌కి తగిలింది. పక్ ఎగరలేదు, దూసుకుపోలేదు. అంచు మీద నిలబడి, కుంటుకుంటూ దొర్లి, గీత దాటి, పక్కకి ఒరిగింది.

ఇంతేనా? అన్నాడు.

ఇంకోటి కొడతానన్నాను. వద్దమ్మాయ్ అన్నాడు. నేను అద్దం మళ్ళీ బిగించి వచ్చేసరికి ఆయన లేడు. ఆయన రింకు తాళంచెవి నా ఐస్ బండి సీటు మీద ఉంది.

జనవరి 24

రాలేదు. ఐస్ గాజులా ఉంది. వెర్నా మెచ్చుకుంది, జీవితంలో మొదటిసారి.

జనవరి 27

డోనట్ షాపుకీ రావడం లేదట. ఇంటి ముందు మంచు కూడా తీయలేదట. ఆయన కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు. ఆయన మీద జోకు కూడా ఎవరూ వేయలేదు.

అద్దం పెట్టింది నేను. ఈ కోపం ఎవరి మీద పెట్టుకోను?

జనవరి 28, ఉదయం 6:10

గోలుకి వీపు పెట్టి నిలబడ్డాను. వెనక ఎవరో ఉన్నట్టే ఉంది. మడమ దించాను. వేలు దిగేదాకా తవ్వాను.

డోనట్ షాపులో అందరికీ వినబడేలా చెప్పి వచ్చాను, ఆయనకి చేర్చమని: లిసాక్, మీ చోట గుంట పడింది. నేను పూడ్చను. శనివారం పిల్లల ఆట. శుక్రవారం ఉదయం ఆరులోగా బకెట్‌తో వచ్చి పూడ్చండి. లేదా వచ్చి, పూడ్చనని నా మొహం మీద చెప్పండి. మీ తాళంచెవి ఐస్ బండి సీటు మీదే ఉంది.