పికిలిపిట్ట కంపెనీ మా చుట్టమే

భుయ్యాడీహ్, జంషెడ్‌పూర్
ఫిబ్రవరి 3

పికిలిపిట్ట మ్యూజిక్ ప్రైవేట్ లిమిటెడ్ వారికి చిలకమ్మ నమస్కారం.

మీ నోటీసు మా మనవరాలు ఉజ్వల ఫోనుకి వచ్చింది. "దాదీ, తుమ్హారా గానా కాపీరైట్ మే ఫస్ గయా" అంది, నా పాట కాపీరైట్‌లో ఇరుక్కుందని. నమ్మలేక కళ్ళజోడు పెట్టుకుని నేనే చదివాను. నేను రోకలి పట్టుకుని పాడిన దంపుడు పాట మీ "రోకలి రీమిక్స్"తో సరిపోయిందట. హక్కులన్నీ మీవేనట. అందుకని వీడియో తీయించేశారట, మళ్ళీ పాడి పెడితే కోర్టుకి లాగుతారట.

బాబూ, ఆ పాట మా నాయనమ్మ అసిరమ్మ కట్టింది. అందులో మా నాన్న పేరుంది, మా గేదె పేరుంది. మా ఇంట పెళ్ళంటే ఆ పాటతోనే పసుపు దంచుతాం. ఉజ్వల పెళ్ళి వచ్చే నెల ఇరవై నాలుగున. పరాయి సొమ్మని తెలిశాక పాడడానికి నాకు నోరెలా వస్తుంది? పాట మీకెలా దక్కిందో చెప్పండి.

ఇట్లు
చిలకమ్మ

తా.క.: గేదె పేరు గౌరి. దాని మీద కూడా హక్కులు మీవేనా, పాట వరకేనా?

హైదరాబాద్
ఫిబ్రవరి 10

శ్రీమతి చిలకమ్మ గారి సముఖమునకు,

మీ లేఖ అందినది. సదరు పాటపై సర్వహక్కులు కలకత్తాలోని మా పూర్వ సంస్థ నుండి మాకు వారసత్వంగా సంక్రమించినవి. కావున ఆ పాటకు యజమాని మా సంస్థయే. వివాహ వేదికపై మైకులో పాడుటకు కూడా ముందస్తు అనుమతి అవసరము.

భవదీయుడు
సోమేశ్వరరావు
హక్కుల విభాగము

తా.క.: గేదె విషయము పరిశీలనలో ఉన్నది.

భుయ్యాడీహ్
ఫిబ్రవరి 17

చిరంజీవి సోమేశ్వరరావుని మేనత్త చిలకమ్మ దీవించి రాయడమేమంటే,

కలకత్తా అన్నావు, వారసత్వం అన్నావు. ఆ రెండు మాటలూ చదివి మంచం మీద కూలబడిపోయాను నాయనా. మా చిన్నాన్న జగ్గారావు అన్నతో గొడవపడి కలకత్తా పారిపోయాడు. మూడో చరణంలో ఆయన పేరుండేది, ఆ కోపంలో తీసేశారు. రైల్వేలో పనిచేసిన మా నాన్న, పోయేదాకా టాటానగర్ స్టేషన్లో హౌరా బండి దిగేవాళ్ళ మొహాలు చూస్తూ నిలబడేవాడు. నాయనమ్మ పాట వారసత్వంగా వచ్చిందంటే మీ కంపెనీ ఆయన తాలూకే.

ఇన్నేళ్ళూ నాయనమ్మ తద్దినం మేమే పెట్టాం. ఇకమీదట మీ వంతు. మీ డైరెక్టర్లలో పెద్దాయన్ని పిండం పెట్టడానికి సుబర్ణరేఖ నది ఒడ్డుకి పంపించు. పసుపు దంపుకి తొలి రోకటిపోటు పాట ఎవరిదైతే వాళ్ళే వెయ్యాలి. మీ ఆఫీసులో ముత్తైదువ ఎవరున్నా సరే, ముందురోజే వచ్చి స్నానం చేసి ఉండాలి.

నీ మేనత్త
చిలకమ్మ

తా.క.: మన ఇంటి మగవాళ్ళకి నలభై దాటితే చెవుల్లో వెంట్రుకలొస్తాయి. నీకు వచ్చాయా?

హైదరాబాద్
ఫిబ్రవరి 24

శ్రీమతి చిలకమ్మ గారి సముఖమునకు,

మీరు పొరబడినారు. కంపెనీ అనగా చట్టం దృష్టిలో ఒక వ్యక్తి మాత్రమే. దానికి నాయనమ్మ ఉండదు. డైరెక్టరు గారు పిండప్రదానమునకు రాజాలరు.

భవదీయుడు
సోమేశ్వరరావు

తా.క.: చెవి వెంట్రుకలు వ్యక్తిగత సమాచారము. వెల్లడించుటకు నిబంధనలు ఒప్పవు.

భుయ్యాడీహ్
మార్చి 3

చిరంజీవి సోమేశ్వరరావుకి,

వ్యక్తి అని నువ్వే అన్నావు. నాయనమ్మ లేకుండా వ్యక్తి ఎక్కడ నుంచి ఊడిపడతాడురా? పెద్దవాళ్ళ కోపం నీ తరం దాకా మోయకు.

శుభలేఖ జత చేశాను. ఆహ్వానించువారిలో మీ కంపెనీ పేరు నా పేరు కిందే వేయించాను. పక్కింటి దేవి చూసి "ఏటప్పా, కంపెనీయే సుట్టమైపోనాదేటి? ఇంక నీకేటి లోటు?" అని ఒకటే కుళ్ళు. మా అబ్బాయి బంగార్రాజు "బావ ఏ బండికి దిగుతాడో అడుగు, నానెల్లి తెత్తాను" అంటున్నాడు. పెళ్ళికూతురికి చీర మీ డైరెక్టరు గారి తరఫున పెట్టాలి. రంగు మాట్లాడుకోమని మావాళ్ళందరికీ ఆయన నంబరు ఇచ్చాను.

నీ రాక కోసం చూసే
మేనత్త

తా.క.: శుభలేఖ నాలుగు మూలలా పసుపు రాశాం. దాని మీద వేయించిన మీ కంపెనీ బొమ్మలో పిట్ట ఒంటరిగా కనిపిస్తే దానికీ రాశాం.

హైదరాబాద్
మార్చి 10

చిలకమ్మ గారికి తుది నోటీసు.

మా పేరు, పిట్ట బొమ్మ రిజిస్టరు కాబడిన ట్రేడ్‌మార్కులు. వాటిని శుభలేఖపై వేయుట, పసుపు పూయుట నేరము. డైరెక్టరు గారికి చీర గురించి అరవై మూడు ఫోన్లు వచ్చినవి. ఆయన సెలవు పెట్టినారు.

కావున మా సంస్థకు గాని, పూర్వ సంస్థకు గాని మీతోను, మీ నాయనమ్మతోను, వారి సంతానముతోను, గేదెతోను, మీ ఇంటి పాటలతోను, ఆచారములతోను ఎన్నడూ ఎట్టి సంబంధమూ లేదనియు, వాటిపై ఏ హక్కూ ఏ బాధ్యతా మాకు లేవనియు బోర్డు ఏకగ్రీవముగా తీర్మానించినది. స్టాంపు కాగితము జత చేయడమైనది.

సోమేశ్వరరావు

తా.క.: ఈ కాగితమును మీరు ఎవరికైనను చూపవచ్చును. దయచేసి చూపగలరు.

భుయ్యాడీహ్
మార్చి 22

సోమేశ్వరరావు గారికి నమస్కారాలు.

చూపించమన్నారు కదా, చూపించాను. ముందు ఆదిత్యపూర్‌లో వకీలు రోహిణి గారికి, తర్వాత వీడియోల వాళ్ళకి. మా ఇంటి పాటల మీద మీకు ఏ హక్కూ లేదని మీ బోర్డే సంతకం పెట్టింది కనుక నా వీడియో మళ్ళీ పెట్టేశారు.

మీ మొదటి జవాబు రాగానే రోహిణి గారి దగ్గరికి పరిగెత్తాను. "కోర్టుకెళ్తే పదేళ్ళు పడుతుందమ్మా, వాళ్ళంతట వాళ్ళే వదులుకోవాలి" అన్నారు. బతిమాలితే వదలరు, బెదిరిస్తే వదలరు. చుట్టరికం కలిపితే ఎంతటివాళ్ళైనా దణ్ణం పెట్టి వదిలేస్తారు. బంధువులతో నాకు డెబ్బై ఏళ్ళ అనుభవం. మా నాన్నకి తమ్ముళ్ళే లేరు. ఆ శుభలేఖ జుగ్సలాయి ప్రెస్సులో మీకోసం ఒక్కటే వేయించాను. అరవై మూడు ఫోన్లూ దేవి, బంగార్రాజు పంచుకున్నారు.

నిన్న పసుపు దంచాం. ఏది అడిగినా హిందీలో జవాబు చెప్పే ఉజ్వల నా పక్కన నిలబడి పాటంతా తెలుగులో పాడింది. ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు. నాకు ఏడుపు ఆగలేదు.

మీరు పెళ్ళికి రండి. చుట్టం కాకపోయినా భోజనం పెడతాం.

ఇట్లు
మీకేమీ కాని
చిలకమ్మ

తా.క.: ఈ ఉత్తరంపై సర్వహక్కులూ నావి. మీ బోర్డులో పైకి చదవాలంటే ముందస్తు అనుమతి తీసుకోండి.