కషాయం కాచకూడని పువ్వు

అక్కా, నేను కులాసా. కిందటి కార్డుకి అతికించిన ఊదాపువ్వుని కషాయం కాచి తాగేశావని బావ రాశాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదే తల్లీ!

ఆ పువ్వులోంచి మా ల్యాబులో తీసిన పెప్టైడు, అంటే ఉంగరంలా చుట్టుకున్న బుల్లి ప్రోటీను ముక్క, గాజుపళ్లెంలో కేన్సరు కణాల మీద వేశాను. తెల్లారగట్ల చుక్కల్లా ఒక్కొక్కటే మాసిపోతుంటే కలలోలా చూస్తూ ఉండిపోయాను. తీరా చూస్తే పక్క పళ్లెంలో మంచి కణాలూ అలాగే మాసిపోయాయి. ఇది మందవడానికి ఏళ్లు పడుతుంది, కాకనూ పోవచ్చు. ఆసుపత్రి ఇంజెక్షను ఒక్కటి మానినా నా మీద ఒట్టే.

నోటిపూత తగ్గిందా? పాపకి కళ్లజోడు కుదిరిందా? బావకి నమస్కారాలు.

మళ్లీ పువ్వు అతికించాను. పుస్తకంలో దాచు, ఎండినా రంగు పోదు. పిన్ను నిలిచేంత జుట్టు రాగానే పెట్టుకుందువుగాని.

నీ చెల్లి