ఎల్‌బీ నగర్ రాస్తారోకో

ఎల్‌బీ నగర్,
మంగళవారం

అమ్మకి, నీ చిన్నమ్మాయి పద్మ దండాలు. నేను బాగానే ఉన్నాను, బెంగపడకు. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? అన్నయ్య, వదిన, పిల్లలు కులాసా అని తలుస్తాను. ఫోన్లో చెబితే ఇద్దరం ఏడుస్తాం, అందుకే రాస్తున్నాను.

నాన్న సంవత్సరీకానికి రాలేదని నీకు కష్టంగా ఉంటుంది. నాకూ ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా బట్టల షాపులో బతిమాలి సెలవు తీసుకుని, పొద్దున్నే మన ఊరి బస్సెక్కాను. చౌరస్తా దాటిందో లేదో ఆగిపోయింది. రాస్తారోకో అంటే ఏమిటే, కొడతారా అని అడిగావు కదా. రోడ్డు మీద కూర్చుని బండ్లు కదలనివ్వరు, అంతే. తెలంగాణ కోసం ఎక్కడో ఒకచోట రోజూ జరుగుతూనే ఉంది. ఆ రోజు హైవే మధ్యలో పొయ్యిలు పెట్టి వంటలు కూడా మొదలుపెట్టారు.

నిజం చెప్పాలంటే భయపడ్డాను. నోరు తెరిస్తే మన ఆంధ్రా యాస తెలిసిపోతుందని కిటికీ పక్కన ముడుచుకుని కూర్చున్నాను. ఈ రోడ్డు మీదే కదా నాన్న లారీ నడిపింది. ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో నువ్వు కట్టిన పులిహోర. "ఒక్కరోజైనా బండి ఆపి కుదురుగా తినొచ్చుగా" అని నువ్వు పోట్లాడేదానివి. "లోడు ఆగదే" అని నవ్వేవాడు. అవన్నీ గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు.

చూస్తే, పప్పు గిన్నె దగ్గర గరిటె పట్టుకుని మా ఇంటి ఓనరు మరియమ్మత్త! నన్ను చూసి బస్సెక్కి వచ్చింది.

"ఏంది బిడ్డా, ఏడుస్తున్నవ్? ఎవలన్న ఏమన్నరా?"

"లేదత్తా. ఇవాళ మా నాన్న సంవత్సరీకం. వెళ్లలేకపోయాను."

ఆమె నా చెయ్యి పట్టుకుని కిందికి దింపింది. వాళ్లు క్రైస్తవులు, ఇలాంటివి చెయ్యరు. అయినా అందరికీ వినపడేలా అంది: "జర ఆగుండ్రి. గీ పిల్ల వాళ్ల నాయినకు పెట్టినంకనే మనం తిందాం."

ఎవరూ కాదనలేదు. విస్తరాకులో అన్నం, పప్పు వడ్డించి నా చేతికిచ్చారు. పప్పులో ఉల్లిపాయ ఉంది, మడీ లేదు, కోప్పడకు. డివైడర్ మీద పెట్టి దణ్ణం పెట్టుకున్నాను.

నన్ను తీసుకెళ్లడానికి అన్నయ్యను పంపొద్దు. పండక్కి నేనే వస్తాను. మరియమ్మత్తకి గోంగూర పచ్చడి పంపు. అడగదు కానీ ఆమెకి ఇష్టం. పెద్దమ్మకి నా నమస్కారాలు చెప్పు.

నాన్న ఫోటో ముందు కూడా ఒక మాట చెప్పమ్మా. ఆ పూట హైవే మీద ఒక్క బండి కదల్లేదని, ఆయన కుదురుగా తిన్నాకే మేమందరం తిన్నామని.

నీ దీవెన కోరే,
పద్మ