గాలి బొమ్మలో ఖాళీ చోటు

ఆంట్వెర్ప్, 1631 మార్చి

యోరిస్‌కు, మీ మైకెన్ ప్రేమతో రాసేది.

మీరు నేపుల్స్ వెళ్ళి రెండేళ్ళు నిండాయి. ఉత్తరం వచ్చి పద్నాలుగు నెలలు. మీకు రాయడమంటే బద్ధకమని తెలుసు గానీ, మరీ ఇంత బద్ధకమా?

వర్తకుడు స్మెట్ మళ్ళీ వచ్చాడు. మనం వేసిచ్చిన బొమ్మల్లో మట్టి, నీరు, నిప్పు, ముగ్గురు దేవతలూ తన గోడకెక్కి కూర్చున్నారట, నాలుగో ఆవిడ గాలి ఎప్పుడొస్తుందని ఒకటే గోల. నా వంతు ఎప్పుడో అయిపోయింది. పళ్ళూ చేపలూ పిట్టలూ నావి, నడుమ మనిషి మీది, పదకొండేళ్ళుగా అంతేగా. సంతలో చచ్చిన పిట్టల్ని తెచ్చుకుని, ఈక ఈకా చూసి డెబ్భైమూడు వేశాను. నడుమ మీకోసం మనిషి పట్టేంత చోటు వదిలాను. రోజూ పొద్దున్నే రొట్టె తింటూ దానికెదురుగా కూర్చుంటాను. ఎదురుచూసి చూసి కళ్ళు కాయలు కాచాయి.

పక్కింటి లైస్‌బెట్ అది చూసి, ఇంకొకరి చేత వేయించుకోరాదా అంది. మీ చోటు ఇంకొకరికెలా ఇస్తాను? వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడ్డానికి ఇంకెవరూ లేక నేనే వెళ్ళాను.

వస్తారు కదూ?

మీ మైకెన్


ఆంట్వెర్ప్, జూన్

యోరిస్,

నేపుల్స్ నుంచి నువ్వు వేసిన బొమ్మ వచ్చిందని స్మెట్ కబురంపితే పరుగున వెళ్ళాను. ఇంకో మట్టిదేవత. మొహం నాదే. ఎప్పుడూ నా మొహమే కదా పెడతావు, చెంపమీద పుట్టుమచ్చ కూడా మర్చిపోలేదు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. తర్వాత చుట్టూ ఉన్న పూలు చూశాను. అవి నావి కావు. మంచి చెయ్యే, అబద్ధమెందుకు. గులాబీ రేకులు దేవత చేతిని తాకినచోట రెండు రంగులూ పచ్చిగా ఉండగానే కలిశాయి. ఇద్దరూ పక్కపక్కన నిలబడి వేస్తే తప్ప అలా రాదు. మనమూ అలాగే వేసేవాళ్ళం.

పూలు ఎవరు వేశారని అడిగితే స్మెట్ నీళ్ళు నమిలాడు. చివరికి చెప్పాడు, అవి వేసినావిడతోనే నీ కాపురమని, ఏడాది పాప కూడా ఉందని.

రెండు రోజులు ఏడ్చాను. మూడోనాడు నీలం నూరి, నీ చోటంతా ఆకాశం వేసేశాను.

"దేవత ఏదమ్మా?" అన్నాడు స్మెట్.

"గాలికి మొహమెందుకండీ? పిట్టలు ఎగురుతున్నాయిగా."

ఒప్పుకుని తీసుకెళ్ళాడు. కింద మూల నా పేరు రాసే ఇచ్చాను. ఇన్నాళ్ళూ అక్కడ నీ పేరొక్కటే ఉండేది.

ఇప్పుడు రొట్టె తినడానికి కూర్చుంటే ఎదురుగా ఉత్త గోడ. ఒంటరిగానే ఉంది, లేదనను. అయినా నువ్వు రానక్కర్లేదు. రంగు ఆరిపోయింది.

మైకెన్