ఎడమవైపు అరిగిన పెడలు

ఖమ్మం,
ఆగస్టు 12.

అక్కకు,

నీ చెల్లెలు శారద నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, కిరాయి గదిలో నీళ్లు కూడా ఈ వారం సరిగానే వస్తున్నాయి. జూలూరుపాడులో నువ్వు, రాంబాబు బావ, అమ్మ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలో ఏదో ఒకటి అంటావు, నేను అసలు మాట మింగేస్తాను. ఈసారి మింగకూడదు.

నువ్వు కుట్టి పంపిన జాకెట్ల సంచిలో పెట్టిన నీ చీటీ చదివి కడుపుబ్బ నవ్వాను. "ఆడపిల్లల తొడలు టేపుతోని కొలుస్తవట, ప్యాంట్లు కుడుతున్నవా ఏంది?" అని అడిగావు. నాది కొలిచే పని వరకే అక్కా, కుట్లు వేసేది డాక్టర్ వెంకటరామారావు గారు. ఎముకల దవాఖానాలో అథ్లెటిక్ ట్రైనర్ అంటే ఇంతే: ఆయన ఆపరేషన్ చేసిన ఆటగాళ్లను నడిపించి, దూకించి, మళ్లీ ఆడగలరో లేదో తేల్చడం. దెబ్బ తగిలిన కాలు సన్నబడుతుంది కదా, అందుకని మోకాలికి జానెడు పైన రెండు తొడలూ కొలుస్తాను. అదీ నువ్వు వాడే టేపులాంటిదే!

ఇంకో వింత చెప్పనా? బరువు చూసే మిషన్లు రెండు పక్కపక్కన పెట్టి, ఒక్కోదాని మీద ఒక్కో కాలు పెట్టించి గుంజీ తీయమంటాను. రూప్లి అని చండ్రుగొండ దగ్గర తండా పిల్ల, కబడ్డీ ఆడుతుంది, కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. మొదటిసారి ఎక్కినప్పుడు "సమానంగనే నిలబడ్డ మేడం, ఒట్టు!" అంది. కిందికి చూస్తే ఎడమ కాలి కింద ముప్పై కిలోలు, కుడి కాలి కింద ఇరవై. పిల్ల నోరు తెరిచింది. మనకు చెప్పకుండానే కాలు బరువు తప్పించుకుంటుందట! ఎప్పుడు నేర్చుకుంటుందో, ఎవరు నేర్పుతారో, నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

అప్పటినుంచి నాకు ఎవరు కనబడినా వాళ్ల కాళ్లు చూసే జబ్బు పట్టుకుంది. మొన్న మీ ఇంటికి వచ్చినప్పుడు నీ కుట్టుమిషన్ పెడలు చూశాను. ఎడమవైపు రంగంతా పోయి ఇనుము మెరుస్తోంది. కుడివైపు కొన్ననాటి నల్లరంగు అట్లాగే ఉంది. కుడికాలు అసలు మోపుతున్నావా అని అడుగుదామనుకునేలోపే బావ, "మీ అక్క మహారాణి లెక్క కాలు సాపుకునే కుడతది" అన్నాడు. మీరిద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఇక రూప్లి సంగతి. ఎనిమిది నెలలు కష్టపడింది. తొడ కొలతలు కలిశాయి, మిషన్ల మీద అటు ఇరవై అయిదు, ఇటు ఇరవై అయిదు. పోయిన శనివారం హైదరాబాద్‌లో రాష్ట్ర జట్టు సెలక్షన్లు. నేను సంతకం పెడితే వెళ్లొచ్చు. దానికి ముందు మంగళవారం చివరి పరీక్షగా ఒంటికాలి మీద దూకించాను. మూడోసారి దిగినప్పుడు మోకాల్లో చిన్నగా టక్కుమంది. ఆగిపోయి నా ముఖంలోకి చూసింది.

"మేడం, మీకేమన్న ఇనబడ్డదా?"

'లేదు' అంటే సరిపోయేది, అక్కడ మూడో మనిషి లేడు.

"అవ్ రూప్లీ, ఇనబడ్డది," అన్నాను.

స్కాన్ తీస్తే మోకాలి లోపల ఉండే మెత్తటి పొర చిరిగింది. ఇట్లాగే ఆడి ఉంటే కీలు మొత్తం పాడయ్యేదన్నారు డాక్టరు గారు. సెలక్షన్లు పోయాయి. పిల్ల రోజూ వస్తుంది, గోడ వైపు చూస్తూ వ్యాయామం చేసి పోతుంది.

అక్కా, 'ఇనబడ్డదా' అని నన్ను అడిగిన మొదటి మనిషి రూప్లి కాదు. కొత్తగూడెంలో కబడ్డీ సెమీఫైనల్ నాడు నువ్వు కూతకెళ్లి, గీత మీదికొచ్చి పడ్డావు, గుర్తుందా? నాకు పన్నెండేళ్లు. నీళ్ల సీసా పట్టుకుని గీత పక్కనే కూర్చున్నాను. మోకాలు పట్టుకుని "శారదా, ఏమన్న ఇనబడ్డదా?" అన్నావు. "లేదక్కా, ఎవరో పుల్ల తొక్కిండ్రు" అన్నాను.

పుల్ల లేదు అక్కా. నేను విన్నాను. గెలిచిన జట్టును భద్రాచలం తీసుకెళ్లి గోదావరిలో లాంచీ ఎక్కిస్తామన్నారు. నన్నూ తీసుకుపోతానని నువ్వు మాటిచ్చావు. నాకు లాంచీ ఎక్కాలని ఉండింది, అంతే. నా మాట నమ్మి తెల్లారి ఫైనల్ ఆడి నువ్వు కూలబడ్డావు, మళ్లీ కబడ్డీ ఆడలేదు. పదహారేళ్లుగా అమ్మ తిట్టినప్పుడల్లా "నాకే ఆట పిచ్చి, తప్పు నాదే" అంటావు. నేను పక్కనే కూర్చుని అన్నం తింటూ వింటాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఆ రోజు ఆగి ఉంటే నీ కాలు బాగుండేదా అని డాక్టరు గారిని అడగలేదు, భయమేసింది. ఇన్నేళ్ల తర్వాత కూడా బలం వస్తుందా అని మాత్రం అడిగాను. "ముందు మనిషిని తీసుకురామ్మా, చూద్దాం" అన్నారు. సోమవారం పొద్దున బస్సుకు రా. బరువు చూసే మిషన్లు రెండూ సిద్ధంగా పెడతాను. కోపమొస్తే కోపంతోనే రా. నన్ను నోరారా తిట్టు, కానీ రెండు కాళ్ల మీదా నిలబడి తిట్టు.

ఇట్లు,
ఇప్పటికీ లాంచీ ఎక్కని నీ చెల్లెలు,
శారద.