కుక్క ఉందా అని అడిగితే

ఎకిదోర్ అన్నా,

ఇక్కడ మేకలు బాగున్నాయి, నా బిడ్డే బాగాలేదు. పాప నాపెయోక్ దొడ్డికి కూర్చుంటే దోసగింజల్లాంటివి పడుతున్నాయి. అవి కదులుతున్నాయి అన్నా! నర్సమ్మ నులిపురుగులని మూడుసార్లు మాత్రలిచ్చింది. నాలుగు రోజులు ఆగడం, మళ్లీ మొదలు. "నీ పాలే మంచివి కావు" అని మా అత్త ఒకటే సాధింపు.

సోమవారం నర్సమ్మ ఆ గింజను తిప్పితిప్పి చూసి, "ఇది నులిపురుగులా లేదే. కుక్కల నుంచి వచ్చేదైతే మందు వేరు. మీ ఇంట్లో కుక్క ఉందా?" అంది.

నా వెనక వరసలో బజారు వైపు ఇళ్ల ఆడవాళ్లు ముసిముసిగా నవ్వుతున్నారు. మేకలు కాసుకునే మనం పసిబిడ్డల్ని కుక్కతో నాకించి శుభ్రం చేస్తామని వాళ్లకు ఎప్పుడూ వెటకారమే. "లేదు" అనేశాను. మళ్లీ అవే మాత్రలు చేతిలో పెట్టింది.

నువ్వు లోద్వార్ ఆస్పత్రిలోనే పని చేస్తున్నావుగా, ఆ వేరే మందేదో అడిగి పంపు. కుక్క మాట మాత్రం ఎత్తకు.

నిన్న మన కుక్కను కట్టేశాను. పాప పాకుతూ పోయి దాని పొట్ట మీదే నిద్రపోయింది. నిన్నూ నన్నూ నాకి పెంచింది దీని ముత్తవ్వే కదా, ఎలా తరమను?

ఇంత రాశాక తట్టింది. మందు అడిగితే నిన్నూ ముందు అదే అడుగుతారు.

శుక్రవారం నర్సమ్మ లోద్వార్ వస్తోంది. ఈ ఉత్తరం ఆమె చేతికే ఇస్తున్నాను. కవరు అంటించడం లేదు.

నీ చెల్లెలు